పెళ్లి ఆపిన నవ్వు!

పెంకుటిళ్ల అరుగులు, ఎడ్లబళ్లు, పిలకలు, చుట్టపొగలు, ఊరంతా పెళ్లి హడావిడి... ఆ పెళ్లిని తప్పించడానికి ఆడపిల్ల వేషం కట్టిన ఓ కుర్రాడు! 1955లో వచ్చిన 'కన్యాశుల్కం' సినిమా కథని ఇలా చెబితే పల్లెటూరి సరదా ప్రేమకథే అనిపిస్తుంది. నిజమే, కడుపుబ్బ నవ్విస్తుంది. కానీ ఆ నవ్వుల వెనక 1034 పెళ్లిళ్ల లెక్క ఒకటుంది. అది తెలిశాక మాత్రం అంత తేలిగ్గా నవ్వలేం.

పాతకాలాన్ని తెరమీద చూపించడం ఇప్పుడో ముచ్చట. ఓ ల్యాండ్‌ఫోను, ఓ ట్రాన్సిస్టరు, గోడమీద పాత సినిమా పోస్టరు... నాలుగు వస్తువులు పెడితే చాలు, ప్రేక్షకుడు ముప్ఫై నలభై ఏళ్లు వెనక్కి వెళ్లిపోతాడు. దానికి ఓ పల్లెటూరు, ఓ అల్లరి ప్రేమకథ తోడైతే ఇక చెప్పక్కర్లేదు. తెలుగు సినిమా ఈ పని ఎప్పుడో చేసింది. ఎన్టీఆర్, సావిత్రి అప్పుడప్పుడే ఇంటింటి పేర్లవుతున్న రోజుల్లో... అప్పటికే అరవై ఏళ్లు దాటిపోయిన కాలాన్ని తెరమీదికి తెచ్చింది. ఆ కథ పుట్టింది ఉత్తరాంధ్రలో. నడిచింది అక్కడి అగ్రహారాల్లో. మాట్లాడింది అక్కడి మనుషుల మాటల్లో.

అరసవల్లి నుంచి అగ్రహారం దాకా...

ఆదివారం వచ్చిందంటే శ్రీకాకుళం పక్కనే ఉన్న అరసవల్లి కిటకిటలాడుతుంది. సూర్యుడి వారం కదా! ఇక రథసప్తమి సంగతి చెప్పేదేముంది. ఆ రోజు దర్శనం వరసలో నిలబడితే చుట్టుపక్కల పల్లెల మాటలన్నీ చెవిన పడతాయి. చిన్నపిల్లని 'గుంట' అనీ, కుర్రాణ్ని 'గుంటడు' అనీ పిలిచే మాటలు. వాక్యం చివర సాగదీసే ఓ ముద్దు యాస. పత్రికల్లో, పాఠాల్లో కనిపించని తెలుగు అది. 'కన్యాశుల్కం' నవ్వులకి పునాది వేసింది సరిగ్గా ఇలాంటి నోటిమాటే.

శ్రీకాకుళం నుంచి రోడ్డున డెబ్బై కిలోమీటర్లు వెళితే విజయనగరం. గురజాడ అప్పారావు బతికిన ఊరు. ఆయనతో అక్కడి మహారాజా వారి బడిలో కలిసి చదువుకున్న స్నేహితుడు గిడుగు రామమూర్తి. ఆయనేమో శ్రీకాకుళం ప్రాంతం వాడు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టారు. మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకునేది ఆ రోజునే. గ్రాంథికం తప్ప మరో భాష రాతకి పనికిరాదని పండితులు పట్టుబట్టిన రోజుల్లో, జనం మాట్లాడేదే భాష అని గిడుగు వాదించారు. ఆ మాటలతోనే ఓ పెద్ద నాటకం రాసి చూపించారు గురజాడ.

అంతకుముందు రంగస్థలం మీద పాత్రలు పుస్తకంలోలా మాట్లాడేవి. గురజాడ పాత్రలు ఇంట్లోలా మాట్లాడాయి. పంతులుగారిదో తీరు, పూటకూళ్లమ్మదో తీరు, వేదం చదివిన అవధాన్లుదో తీరు, నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చిన కుర్రాడిది మరో తీరు. ఎవరి మాట వాళ్లదే. హాస్యం పుట్టేది అక్కడే కదా!

1892 ఆగస్టు 13న 'కన్యాశుల్కం' మొదటిసారి విజయనగరంలో వేదికెక్కింది. జగన్నాథ విలాసినీ సభ వారు ప్రదర్శించారు. 1897లో పుస్తకమైంది. ఆ తర్వాత గురజాడ దాన్ని బాగా పెంచి, దాదాపు కొత్త నాటకమా అన్నట్టు తిరగరాసి 1909లో మళ్లీ అచ్చువేశారు. ఇప్పుడు మనకందరికీ తెలిసింది ఆ రెండో కూర్పే.

కథేంటంటే...

విజయనగరంలో గిరీశం అనే ఓ యువకుడు. చదువు కొంచెం, డాబు కొండంత. జేబులో పైసా ఉండదు, నోట్లో మాత్రం చుట్టా ఇంగ్లీషూ రెండూ ఉంటాయి. ఊరినిండా అప్పులు. అప్పులవాళ్లు వెంటపడేసరికి, తన దగ్గర చదువుకునే వెంకటేశంతో కలిసి సెలవులకి వాళ్ల ఊరు చెక్కేస్తాడు. అదే కృష్ణరాయపురం అగ్రహారం.

వెంకటేశం పరీక్ష తప్పాడన్న సంగతి తండ్రికి తెలియకూడదు. గురువుగారు వచ్చింది అందుకేనన్నమాట! కొడుకు ఇంగ్లీషు వినాలని తల్లి వెంకమ్మ ముచ్చటపడుతుంది. గురుశిష్యులిద్దరూ ఎదురెదురుగా నిలబడి చిన్నపిల్లల పద్యాలూ, పాఠ్యపుస్తకంలోని ముక్కలూ కలగలిపి దంచేస్తారు. ఒక్క ముక్కకి మరో ముక్కతో సంబంధం ఉండదు. ఆ తల్లి మాత్రం పొంగిపోతుంది. నూటముప్ఫై ఏళ్ల కిందటి సన్నివేశం ఇది. పిల్లాడితో చుట్టాల ముందు ఇంగ్లీషు రైమ్స్ చెప్పించే ఇళ్లు ఈ రోజుకీ ఎన్ని లేవు!

వెంకటేశం తండ్రి అగ్నిహోత్రావధాన్లు. కోపం ముక్కుమీదే ఉంటుంది, కోర్టు వ్యాజ్యాలంటే ప్రాణం. పెద్దకూతురు బుచ్చమ్మని డబ్బు తీసుకుని ఓ ముసలాయనకి కట్టబెట్టాడు. ఆయన పోయాడు. బుచ్చమ్మ చిన్నవయసులోనే విధవై పుట్టింటికి చేరింది. అయినా ఆ తండ్రికి బుద్ధి రాలేదు. పసిపిల్ల సుబ్బిని రామచంద్రపురం అగ్రహారంలోని లుబ్ధావధాన్లు అనే ముసలి పిసినారికి 1800 రూపాయలకి మాట్లాడేశాడు.

సంగతి విన్న వెంకమ్మ నూతిలో పడుతుంది. పైకి తీసి బతికిస్తారు. అప్పుడు ఆమె తమ్ముడు కరటకశాస్త్రి మాటిస్తాడు... ఈ పెళ్లి జరగనివ్వనని. ఆయన నాటకాల్లో హాస్యపాత్రలు వేసేవాడు. ఆయన శిష్యుడు మహేశం ఆడవేషాలు కట్టేవాడు. ఇంకేం కావాలి? గురువు గుంటూరు శాస్త్రులయ్యాడు, శిష్యుడు పెళ్లికూతురయ్యాడు. ఇద్దరూ కలిసి రామచంద్రపురంలో దిగారు. తక్కువ ధరకి పిల్ల దొరుకుతోందనేసరికి లుబ్ధావధాన్లు సుబ్బి సంబంధం వదులుకుని ఈ 'పిల్ల' మెడలో తాళి కట్టేశాడు!

పెళ్లయ్యాక రాత్రికి రాత్రి పెళ్లికూతురు మాయం. పెళ్లిలో పెట్టిన మధురవాణి కంటె కూడా మాయం. పిల్లని ముసలాయనే చంపేశాడంటూ కేసు. సాక్షులు, పోలీసులు, వకీళ్లు, దొంగ ప్రమాణాలు... నవ్వుతూ నవ్వుతూ ఉన్న కథ ఒక్కసారిగా కచేరీ మెట్లెక్కుతుంది.

ఆ లెక్క ఇదీ!

ఇదంతా కల్పనే. కానీ సుబ్బి లాంటి పిల్లలు కల్పన కాదు.

ఆడపిల్ల తండ్రి మగపెళ్లివారి దగ్గర డబ్బు తీసుకుని పిల్లనివ్వడమే కన్యాశుల్కం. విజయనగరం మహారాజు ఆనందగజపతి ఈ ఆచారాన్ని అదుపు చేయాలనుకున్నారు. మద్రాసు శాసనసభలో బిల్లు పెట్టినా అది చట్టం కాలేదు. అదే సమయంలో అప్పటి విశాఖపట్నం జిల్లాలో మామూలు బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన ఇలాంటి పెళ్లిళ్ల జాబితా ఒకటి తయారైంది. తొలి కూర్పు పుస్తకం ముందుమాటలో గురజాడ ఆ వివరాలు అచ్చువేశారు.

మొత్తం పెళ్లిళ్లు 1034. పెళ్లికూతుళ్లలో 99 మందికి అయిదేళ్లు. 44 మందికి నాలుగేళ్లు. 36 మందికి మూడేళ్లు. ఆరుగురికి రెండేళ్లు. ముగ్గురికి... ఏడాది! ఆ ఏడాది పిల్లల ధర 350 నుంచి 400 రూపాయలు.

ఆ డబ్బు విలువెంతో తెలియాలంటే ఓ చిన్న పోలిక. 1884లో గురజాడ బడిపంతులుగా చేరినప్పుడు నెల జీతం 25 రూపాయలు. అంటే ఉయ్యాలలోని పాప ధర ఓ పంతులుగారి ఏడాది జీతం కన్నా ఎక్కువ. కథలో సుబ్బికి కట్టిన 1800 అయితే అలాంటి పంతులుగారికి ఆరేళ్ల జీతం!

కడుపులో ఉన్న బిడ్డకి కూడా బేరాలు కుదిరేవని ఆ ముందుమాటే చెబుతుంది. ఈ సంగతి మీద ఏడుస్తూ నాటకం రాసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. గురజాడ నవ్వుతూ రాశారు. తిడితే వినని ఊరు, తనమీద తనకే నవ్వొచ్చేలా చూపిస్తే వింటుందని ఆయనకి తెలుసు.

దేవదాసు తీసినవాళ్లే...

నాటకం పుట్టిన అరవైమూడేళ్లకి ఈ కథ సినిమాగా మారింది. తీసింది వినోదా పిక్చర్స్, నిర్మాత డి.ఎల్.నారాయణ. అంతకు రెండేళ్ల ముందు 'దేవదాసు'తో తెలుగువాళ్లందరి చేతా కన్నీళ్లు పెట్టించిన సంస్థ ఇదే. ఈసారి నవ్వించాలనుకుంది. దర్శకత్వం పి.పుల్లయ్య. సంగీతం ఘంటసాల. 1955 ఆగస్టు 26న సినిమా విడుదలైంది. మూడు రోజులాగితే గిడుగు పుట్టినరోజు!

గిరీశంగా ఎన్టీఆర్. అప్పటికి ఆయన వయసు 32. 'పాతాళభైరవి'లో మాంత్రికుణ్ని మట్టుబెట్టిన తోటరాముడు, అదే ఏడాది జనవరిలో వచ్చిన 'మిస్సమ్మ'లో బుద్ధిమంతుడైన పంతులు. రెండేళ్ల తర్వాత 'మాయాబజార్'లో కృష్ణుడు. అలాంటి హీరో మధ్యలో అప్పులెగ్గొట్టే, అబద్ధాలాడే, ఆడవాళ్లని మోసగించే గిరీశం వేషం కట్టారు. ఆ పాత్రకి ఆయన నప్పారా లేదా అన్న వాదన సాహిత్యాభిమానుల్లో ఇప్పటికీ నడుస్తూనే ఉంటుంది. హీరో అంటే మంచివాడే అయ్యుండాలనుకునే రోజుల్లో ఆ వేషం ఒప్పుకోవడం మాత్రం చిన్న సంగతి కాదు.

మధురవాణిగా సావిత్రి. 'దేవదాసు'లో పార్వతి ఆమే. ఇరవై ఏళ్లకి అటూ ఇటూగా ఉన్న ఆ నటి... మాటతో గిల్లి, చూపుతో నవ్వి, తన చుట్టూ ఉన్న పెద్దమనుషులందరినీ ఆడించే మధురవాణి అయిపోయింది. బుచ్చమ్మగా షావుకారు జానకి, సౌజన్యారావు పంతులుగా గుమ్మడి, మీనాక్షిగా సూర్యకాంతం నటించారు.

ఇక అసలు విందు పెద్దవాళ్లది. లుబ్ధావధాన్లుగా గోవిందరాజుల సుబ్బారావు, రామప్పపంతులుగా సి.ఎస్.ఆర్.ఆంజనేయులు, అగ్నిహోత్రావధాన్లుగా విన్నకోట రామన్నపంతులు, కరటకశాస్త్రిగా వంగర. మాట విరుపు ఎక్కడుండాలో, నవ్వు ఎక్కడ ఆపాలో తెలిసిన నటులు. ముసలి వయసులో పెళ్లనేసరికి భయమూ, ఆశా, పిసినారితనమూ ఒకేసారి మొహంలో చూపించిన గోవిందరాజులని చూడటానికే ఈ సినిమా రెండోసారి చూసేవాళ్లున్నారు.

తెలుగు సినిమాకి అప్పట్లో ఇల్లు మద్రాసు. కాబట్టి ఈ సినిమాలో ఉత్తరాంధ్రని తెరమీదికి మోసుకొచ్చింది కొండలో, వంశధారో, నాగావళో కాదు... మాటలే!

చీర కట్టిన కుర్రాడు

మగాడు ఆడవేషం కట్టి గొడవ సృష్టించడం ప్రపంచమంతా నవ్వే కిటుకు. చిత్రమేంటంటే, విజయనగరంలో 'కన్యాశుల్కం' వేసిన 1892లోనే ఇంగ్లండులో 'చార్లీస్ ఆంట్' అనే నాటకం మొదలైంది. ఓ కుర్రాడు స్నేహితుడి పెద్దమ్మగా వేషం కట్టి, ప్రేమజంటలకి సాయం చేయబోయి చిక్కుల్లో పడటం దాని కథ. ఇద్దరు మగవాళ్లు ఆడవేషాల్లో తిరిగే హాలీవుడ్ సినిమా 'సమ్ లైక్ ఇట్ హాట్' 1959లో వచ్చింది. మన సినిమాకి నాలుగేళ్ల తర్వాతన్నమాట.

తేడా ఒక్కటే. అక్కడ వేషం కట్టింది ప్రేమ కోసం, లేదంటే సొంత ప్రాణం కాపాడుకోవడం కోసం. ఇక్కడ మహేశం చీర కట్టింది ఓ చిన్నపిల్ల మెడలో తాళి పడకుండా ఆపడానికి. పెళ్లిపీటల మీద సుబ్బి కూర్చోవాల్సిన చోట వాడు కూర్చున్నాడు. అందుకే ఆ పెళ్లి సన్నివేశం ఎంత నవ్విస్తుందో, ఆలోచిస్తే అంత వణికిస్తుంది.

నాటకాల రోజుల్లో ఇందులో ఇంకో తమాషా కూడా ఉండేది. అప్పట్లో ఆడపాత్రలన్నీ మగవాళ్లే వేసేవారు. అంటే మధురవాణి వేషంలో మగాడు, ఆ మధురవాణి మళ్లీ మగవేషంలో వకీలు ఇంటికి వెళుతుంది! సినిమాలో సావిత్రి, జానకి వచ్చేసరికి ఆ గందరగోళం పోయింది. దాని బదులు ఆడవాళ్ల బాధ ఆడవాళ్ల మొహాల్లోనే కనిపించింది.

ప్రేమ ఎవరిది?

హాస్యం సరే, మరి ప్రేమకథ మాటేంటి?

పైకి కనిపించే జంట గిరీశం, బుచ్చమ్మ. విధవా వివాహం గురించి ఉపన్యాసాలిచ్చి, బండెక్కించి, ఆమెని ఇంట్లోంచి తీసుకుపోతాడు గిరీశం. 1881లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. ఆ తర్వాత సంస్కరణ మాటలకి మంచి గిరాకీ వచ్చింది. గిరీశం ఆ గిరాకీని సొమ్ము చేసుకునే రకం. ఆయన మాట్లాడేదంతా సంస్కరణే, చేసేదంతా స్వార్థమే. బుచ్చమ్మకి మాత్రం అది ఆట కాదు. మళ్లీ బతుకు దొరుకుతుందన్న ఆశ. ప్రేక్షకుడు నవ్వాలా, భయపడాలా తెలియని చోటు ఇదే.

ఓ మాట ఒప్పుకోవాలి... గిరీశం మోసగాడే కావచ్చు, కానీ విధవ మళ్లీ పెళ్లి చేసుకోవచ్చన్న మాట ఆ ఇంట్లో బుచ్చమ్మ విన్నది అతని నోటి నుంచే. మంచి మాట చెడ్డవాడి నోట పలికిస్తే ఏమవుతుంది? ఈ ప్రశ్నని గురజాడ మనకే వదిలేశారు.

చివరికి సౌజన్యారావు పంతులు గిరీశం బండారం తెలుసుకుని పెళ్లికి ఒప్పుకోరు. బుచ్చమ్మని పూనాలోని వితంతు శరణాలయానికి పంపి చదివించాలంటారు. ప్రేమ పండలేదు సరే, ఓ అమ్మాయి బడికి వెళ్లే దారి తెరుచుకుంది. ఆలోచిస్తే ఇంతకన్నా మంచి ముగింపు ఏముంటుంది!

రెండో కథ మధురవాణిది. వేశ్యలంటే గిట్టని సౌజన్యారావు దగ్గరికి మగవేషంలో వెళుతుంది. లుబ్ధావధాన్లు కేసు విడిపోవడానికి కావాల్సిన రహస్యం ఆమె దగ్గరుంది. దానికి ధర అడుగుతుంది. నాటకంలో ఆ బేరం చివరికి ఒక్క ముద్దు దగ్గర ఆగుతుంది. తీరా ఆ సమయం వచ్చేసరికి తనే వెనక్కి తగ్గుతుంది... చెడనివాళ్లని చెడగొట్టొద్దని తల్లి చెప్పిన మాట గుర్తొచ్చి. కథ పొడుగునా అందరూ ఎవర్నో ఒకర్ని అమ్మేవాళ్లూ కొనేవాళ్లే. తన ధర తనే వదులుకున్నది మాత్రం, లోకం 'అమ్ముడుపోయింది' అనుకునే మధురవాణి ఒక్కతే!

నవ్వుల మధ్య ఓ ఏడుపు

ఈ సినిమాలో చాలామంది గుర్తుపెట్టుకునే ఘట్టం ఇంకోటుంది. అది నాటకంలోనిది కాదు. గురజాడే విడిగా రాసిన 'పుత్తడిబొమ్మ పూర్ణమ్మ' గేయాన్ని ఇందులో చేర్చారు.

పూర్ణమ్మదీ సుబ్బి కథే. డబ్బు తీసుకుని తండ్రి ముసలివాడికి పెళ్లిచేస్తాడు. కానీ పూర్ణమ్మకి మేనమామ కరటకశాస్త్రి లేడు. చీర కట్టి పీటల మీద కూర్చునే మహేశం లేడు. అత్తవారింటికి బయల్దేరే వేళ అందరికీ అప్పగింతలు చెప్పి, కోనేటి దగ్గరికి వెళ్లి, మళ్లీ తిరిగిరాదు.

ఒకే రచయిత, ఒకే సమస్య, రెండు ముగింపులు. నాటకంలో పిల్ల బతికింది కాబట్టి నవ్వుతున్నాం. గేయంలో పిల్ల పోయింది కాబట్టి ఏడుస్తున్నాం. రెంటినీ ఒకే సినిమాలో పక్కపక్కన పెట్టడంతో అసలు విషయం అర్థమవుతుంది. మనం ఇంతసేపూ నవ్వుతున్నది ఓ ప్రమాదం తృటిలో తప్పినందుకు! వెంకమ్మ పడిన నుయ్యి, పూర్ణమ్మ వెళ్లిన కోనేరు... మధ్యలో ఉన్నది ఓ హాస్యగాడి తెలివి మాత్రమే.

ఘంటసాల గొంతులో ఆ గేయం విని మూగబోయిన పెద్దవాళ్లు చాలా ఇళ్లలో ఉంటారు. ఇదే సినిమాకి శ్రీశ్రీ కూడా ఓ పాట రాశారు. గురజాడని గుండెల్లో పెట్టుకున్న విశాఖ కవి, గురజాడ కథకే పాట కట్టడం ఓ ముచ్చట. సుశీల పాడిన ఆ పాట ఇప్పటికీ పాత పాటల అభిమానుల నోళ్లలో నలుగుతూనే ఉంది.

సిక్కోలు అన్నదమ్ములు

సినిమా వచ్చింది కదాని నాటకం ఆగిపోలేదు. దాన్ని భుజాన వేసుకున్న ఇద్దరన్నదమ్ములు శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారంలో పుట్టినవాళ్లే. అన్న జె.వి.సోమయాజులు, తమ్ముడు జె.వి.రమణమూర్తి.

1980లో 'శంకరాభరణం' శంకరశాస్త్రిగా సోమయాజులు దేశమంతటికీ తెలిశారు. అంతకు ఎంతోముందే 'కన్యాశుల్కం' నాటకంలో ఆయన రామప్పపంతులు! నిప్పులాంటి సంగీత విద్వాంసుడుగా మనం చూసిన ఆ మనిషి వేదిక మీద కోర్టుల చుట్టూ తిరిగే జిత్తులమారిగా నవ్వించారంటే నమ్మబుద్ధి కాదు. రమణమూర్తి గిరీశం. ఆ పాత్రని తన సొంతం చేసుకుని దశాబ్దాల పాటు ఊరూరా ఆడారు. 2004లో సోమయాజులు, 2016లో రమణమూర్తి కన్నుమూశారు. 'మా ఊళ్లో రమణమూర్తి గిరీశాన్ని చూశాం' అని గొప్పగా చెప్పుకునే పెద్దలు ఉత్తరాంధ్రలో ఇంకా ఉన్నారు.

అగ్రహారంలో పుట్టినవాళ్లే అగ్రహారం లోపాలని వేదికెక్కించి ఊళ్లని నవ్వించడం... గురజాడ మొదలుపెట్టింది ఇదే కదా!

డబ్బు దారి మారింది

సినిమా విడుదలైన 1955 మే నెలలోనే హిందూ వివాహ చట్టం అమల్లోకి వచ్చింది. అప్పుడు పెళ్లికూతురికి కనీస వయసు 15 ఏళ్లు. అంతకుముందు 1929 నాటి శారదా చట్టంలో 14. ఇప్పుడు 18. అంటే తెరమీద లుబ్ధావధాన్లు పెళ్లి చూసి నవ్విన మొదటి ప్రేక్షకులు, అలాంటి పెళ్లిళ్లు చట్టవిరుద్ధమైన కాలంలో కూర్చుని చూశారు. 'హమ్మయ్య, ఆ రోజులు పోయాయి' అనుకుంటూ నవ్వడంలో ఓ సుఖం ఉంటుంది.

నిజంగా పోయాయా?

కన్యాశుల్కం పోయింది. దాని బదులు వరకట్నం వచ్చి కూర్చుంది. డబ్బు దారి మార్చుకుంది తప్ప బేరం ఆగలేదు. కాళ్లకూరి నారాయణరావు దాని మీద 'వరవిక్రయం' నాటకం రాస్తే, 1939లో అదీ సినిమాగా వచ్చింది. భానుమతి తొలిసారి తెరమీద కనిపించింది అందులోనే. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చినా కట్నం మాట ఎత్తని పెళ్లిచూపులు ఎన్ని?

వయసు సంగతీ అంతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల మధ్య వయసున్న మహిళల్లో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. ప్రతి పదిమందిలో దాదాపు ముగ్గురు! ఏడాది పిల్లల పెళ్లిళ్లు లేవు, నిజమే. కానీ పదో తరగతి పుస్తకాలు మూసి పెళ్లిపీటలెక్కే పిల్లలు ఇంకా ఉన్నారు.

ఇంటిల్లిపాదీ చూడొచ్చు

డెబ్బై ఏళ్ల కిందటి నలుపు తెలుపు సినిమా పిల్లలు చూస్తారా అన్న అనుమానం అక్కర్లేదు. గురుశిష్యుల ఇంగ్లీషు సన్నివేశంతో మొదలుపెట్టండి. పెళ్లికూతురు వేషంలోని మహేశం అల్లరి వాళ్లకి ఎలాగూ నచ్చుతుంది. తాతయ్యకో, అమ్మమ్మకో ఒకటి రెండు మాటలు ముందే నోటికొచ్చి ఉంటాయి. తెరమీద గిరీశం నోరు తెరవకముందే వాళ్లు చెప్పేస్తారు. సరదా రెట్టింపవుతుంది. పుస్తకం కూడా ఇంట్లో ఉంటే మరీ మంచిది. సినిమా నిడివికి లొంగని ఎన్నో మాటలు అందులో ఉన్నాయి. విజయనగరం వెళితే గురజాడ నివసించిన ఇల్లు ఇప్పుడు స్మారకంగా ఉంది, చూసి రావచ్చు.

ఒక్క పని మాత్రం చేయండి. అందరూ గిరీశాన్ని చూస్తారు, మధురవాణిని చూస్తారు, లుబ్ధావధాన్లుని చూసి నవ్వుతారు. ఇంతమంది పెద్దవాళ్లు ఇన్ని వేషాలు కట్టి, ఇన్ని అబద్ధాలాడి, కోర్టులదాకా వెళ్లింది ఎవరి కోసమో ఆ పిల్ల మాత్రం కథలో కనిపించేదే తక్కువ. ఈసారి సినిమా చూసేటప్పుడు సుబ్బి ఎక్కడుందో వెతకండి. ఆ పిల్ల ఆటల్లో ఉందంటే, నవ్వు గెలిచినట్టే.